హాఫ్కిన్ అగ్నిపరీక్ష

1896వ సంవత్సరంలో వానలు వెనుకబట్టిన రోజులలో బొంబాయి నగరాన ప్లేగు తలయెత్తినది. మాండ్వీ పేటలోని ధాన్యపు కొట్లలో ముందు ఎలుకలు రాలినవి. వాటి వెనుకనే మనుషులు. చంకలలోను గజ్జలలోను బిళ్ళలు కట్టడం, మండిపోయే జ్వరం, కొద్ది దినాలలో మరణం - ఇదీ ఆ మహామారి తీరు. బతికి ఉన్నవారు మూటాముల్లె కట్టుకొని రైళ్ళలో ఊరు విడిచి పోసాగినారు. అట్టి సమయంలో ఆ నగరానికి ఎదురేగి వచ్చిన శాస్త్రజ్ఞుడు వాల్డెమార్ హాఫ్కిన్. ప్రజల సొమ్ముతో సాగే పరిశోధనను ప్రభుత్వం ఎట్లు పోషించవలెను, అందలి మంచిచెడ్డలను ఎట్లు విచారించవలెను అనే రెండు ప్రశ్నలకు ఆయన జీవితం ఒక సజీవ వ్యాఖ్యానం.

హాఫ్కిన్ 1860 మార్చి 15వ తేదీన రష్యా సామ్రాజ్యంలోని ఒడెస్సా నగరంలో ఒక యూదు కుటుంబాన జన్మించినాడు. అక్కడి విశ్వవిద్యాలయంలో సుప్రసిద్ధ జీవశాస్త్రజ్ఞుడు మెచ్నికోవ్ వద్ద శిష్యరికం చేసినాడు. మతం మార్చుకొన్నచో ఆచార్య పదవికి దారి ఏర్పడేది. ఆయన అందుకు సమ్మతింపలేదు, స్వదేశాన్నే విడిచినాడు. ప్యారిస్ లోని పాస్చర్ సంస్థలో ఆయనకు మొదట దొరికినది గ్రంథాలయోద్యోగం. పగలు పుస్తకాలు సర్దుతూ, తక్కిన వేళలలో కలరా క్రిములను పరిశీలిస్తూ ఆయన కలరాకు టీకా కనుగొన్నాడు. 1892 జూలై 18వ తేదీన దానిని మొట్టమొదట తన శరీరంలోనే ఎక్కించుకొన్నాడు. ఇతరుల దేహంపై ప్రయోగించే హక్కు, తన దేహంపై ప్రయోగించుకొన్న తరువాతనే లభిస్తుందని ఆయన నమ్మిక.

కలరాకు పుట్టినిల్లుగా పేరుపడిన వంగదేశంలోనే ఆ టీకాను పరీక్షింపదలచి, 1893లో ఆయన కలకత్తా చేరినాడు. తెల్లదొర సూదిని జనం శంకించినారు. 1894లో కట్టాల్ బగాన్ అనే పేదల బస్తీలో కలరా పుట్టగా, అక్కడి సుమారు రెండువందల మందిలో 116 మంది ధైర్యం చేసి టీకా వేయించుకొన్నారు. ఆ తరువాత వ్యాధి సోకినది తక్కినవారికే. ఈ ఫలితం చూచిన పిమ్మటనే నగరంలో పెద్ద ఎత్తున టీకాలు వేయడానికి పురపాలక ధనం మంజూరైనది. మొదట ఫలం, పిదప ధనం - ఈ వరుస హాఫ్కిన్ జీవితంలో మరల మరల కనిపిస్తుంది.

బొంబాయిలో ప్లేగు పుట్టినప్పుడు ప్రభుత్వం ఆయనకు ఇచ్చిన పరిశోధనాలయం గ్రాంట్ వైద్య కళాశాలలో ఒక గది, ఒక నడవ. ఇచ్చిన పరివారం ఒక గుమాస్తా, ముగ్గురు బంట్రోతులు. వేలకొలది జనం చచ్చిపోతున్న నగరంలో ప్లేగు క్రిములతో నిండిన సీసాల మధ్య పని. సహాయకులలో ఒకరికి మనస్తిమితం తప్పినది. మరి ఇద్దరు పని మానుకొన్నారు. ఆయన మాత్రం కదలలేదు. హిందువులకుగాని ముస్లిములకుగాని అభ్యంతరం కలుగకుండునట్లు, క్రిములను పెంచే ద్రవానికి మేకమాంసాన్ని ఎంచుకొన్నాడు. ద్రవంపై నేతి చుక్కలు తేల్చగా, వాటిని పట్టుకొని క్రిములు ఊడలవలె క్రిందికి దిగి పెరిగినవి. పిమ్మట వాటిని వేడిచేసి చంపి, కార్బాలిక్ ఆమ్లం కలిపి టీకా సిద్ధపరచినాడు. ఇదంతా మూడు మాసాల పని. 1897 జనవరి 10వ తేదీన మరల తన శరీరాన్నే ముందు ఒడ్డినాడు. తరువాత ఇతరులకు వేసిన మోతాదుకంటె అది ఎంతో హెచ్చు. జ్వరం వచ్చినది, నొప్పులు వచ్చినవి, తగ్గినవి.

ఆ నెలాఖరుననే బైకుల్లా కారాగారంలో ప్లేగు ప్రవేశించినది. ఖైదీలలో ఇష్టపడిన వారికి మాత్రమే టీకా వేసినారు. ముందుకు వచ్చినది సుమారు సగం మంది. టీకా లేనివారిలో 12 మందికి వ్యాధి సోకి ఆరుగురు మరణించినారు. వేయించుకొన్నవారిలో ఇద్దరికి మాత్రమే సోకినది, మరణం లేదు. మరుసటి సంవత్సరం బరోడా సంస్థానంలోని ఉంధేరా గ్రామంలో ప్రతి కుటుంబంలోను కొందరికి టీకా వేసి, కొందరిని విడిచినారు. వేయించుకొన్న 71 మందిలో ముగ్గురు మరణింపగా, విడిచిపెట్టిన 64 మందిలో 26 మంది మరణించినారు.

ఈ అంకెలు టీకా గుణాన్ని నిస్సందేహంగా స్థాపించినవి. కాని ఇవే అంకెలు చదువరి మనస్సును మరొక వైపునకు కూడా లాగుతవి. గోడల నడుమ బంధింపబడినవాని అంగీకారం ఎంతవరకు స్వేచ్ఛతో కూడినది? ఒకే కప్పు క్రింద అన్నకు మందు వేసి తమ్ముని విడిచినప్పుడు, ఆ తమ్ముని మరణం ఎవరి ఖాతాలో పడుతుంది? పోలిక లేనిదే మందు పనిచేసినదో లేదో తెలియదు. తెలియనిదే లక్షలమందికి దానిని వేయుట తగదు. అయినను ఆ తూకం ఎవరు తూచవలెననే నియమం ఆనాడు లేదు. 1947లో న్యూరెంబర్గ్ న్యాయస్థానం మానవ ప్రయోగాలకు స్వచ్ఛంద సమ్మతి తప్పనిసరి అని నిర్దేశించు వరకు, ఆ భారం శాస్త్రజ్ఞుని అంతరాత్మపైననే ఉండేది. హాఫ్కిన్ అంతరాత్మ గట్టిదే. కాని అందరి అంతరాత్మలు ఒక్క తీరుగా ఉండవు.

విజయం తరువాత ధనం వచ్చినది. ఆగాఖాన్ తన భవనాన్ని పరిశోధనకు ఇచ్చి, తన ఖోజా సమాజంలో వేలమందికి టీకాలు వేయించినాడు. 1899లో పరేల్ లోని పాత గవర్నరు సౌధంలో ప్లేగు పరిశోధనాలయం వెలసినది. ఒక గదిలో మొదలైన పని రాజభవనం చేరినది.

అంతలో పిడుగు పడినది. 1902లో పంజాబులో ప్లేగు విజృంభింపగా, అక్కడ పెద్ద ఎత్తున టీకాలు వేయింప ప్రభుత్వం తలపెట్టినది. అంత మందును త్వరగా అందించుటకు హాఫ్కిన్ కార్బాలిక్ ఆమ్లాన్ని విడిచి, వేడిమిపైననే ఆధారపడే పద్ధతిని అవలంబించినాడు. అక్టోబరు 30వ తేదీన ముల్కోవాల్ గ్రామంలో 107 మందికి టీకాలు వేసినారు. అందులో ఒకే ఒక సీసాలోని మందు ఎక్కినవారు 19 మంది. ఆ 19 మందీ ధనుర్వాతంతో మరణించినారు. తక్కిన 88 మందికీ ఏమీ కాలేదు.

విచారణ సంఘం ఏర్పడినది. పంతొమ్మిది ప్రాణాలు పోయినప్పుడు విచారణ జరుగవలసినదే. దానిని ఎవరును తప్పు పట్టలేరు. కాని సంఘం ఆ విషం బొంబాయిలోనే సీసాలో చేరినదని నిర్ణయించినది. హాఫ్కిన్ పదవి పోయినది. ఆయన ఇంగ్లండుకు మరలినాడు. ఆ పిమ్మట లండనులోని లిస్టర్ సంస్థ సాక్ష్యాలను మరల పరిశీలింపగా వేరొక చిత్రం బయటపడినది. ముల్కోవాల్ లో ఆ సీసా తెరిచే సమయంలో సహాయకుని చేతిలోని పట్టకారు నేలపై పడినది. దానిని సరిగా శుద్ధి చేయకుండానే సీసా బిరడా తీసినారు. ధనుర్వాత క్రిములు పెరిగిన ద్రవం దుర్వాసన వేయక మానదు. ఆ సీసా తెరిచినప్పుడు అట్టి వాసన లేదని సాక్ష్యం ఉన్నది. అనగా కీడు పరేల్ లో గాక, ఆ పల్లెలోనే సీసాలో ప్రవేశించినదన్నమాట.

సత్యం తెలిసిన పిమ్మట కూడ న్యాయం నడకతోనే వచ్చినది. 1907లో పలువురు శాస్త్రజ్ఞులు హాఫ్కిన్ పక్షాన లండన్ టైమ్స్ పత్రికకు లేఖ వ్రాసినారు. వారిలో ప్రముఖుడు రొనాల్డ్ రాస్. 1897లో సికిందరాబాదులో దోమ కడుపున మలేరియా క్రిమిని కనుగొన్న మహనీయుడు ఆయనే. ఒక పరిశోధకునిపై పడిన మచ్చ తక్కిన పరిశోధకులందరి పనికి అడ్డు కాగలదని రాస్ గ్రహించినాడు. నిందపడిన శాస్త్రజ్ఞుని మందును ప్రజలు నమ్మరు. నమ్మనిచో ప్లేగే గెలుస్తుంది. ఆ సంవత్సరాంతానికి హాఫ్కిన్ నిర్దోషిగా అంగీకరింపబడి మరల కలకత్తాలో నియమితుడైనాడు. కాని బొంబాయిలోని తన పరిశోధనాలయం ఆయనకు తిరిగి దక్కలేదు. కొత్త టీకాలను మనుషులపై పరీక్షించే అవకాశమూ లభింపలేదు. కొంతకాలానికి పదవీ విరమణ చేసి ఐరోపాకు వెళ్ళి, 1930 అక్టోబరు 26వ తేదీన స్విట్జర్లాండులోని లోసాన్ నగరంలో కన్ను మూసినాడు.

1925లో ఆ పరేల్ సంస్థకు హాఫ్కిన్ పేరు పెట్టినారు. అప్పటికి అక్కడినుండి వెలువడిన ప్లేగు టీకాలు రెండుకోట్ల అరువది లక్షలు. ప్రభుత్వం ఒక గదిపై, నలుగురు నౌకర్లపై పెట్టిన ఖర్చుకు దేశానికి దక్కిన ఫలమిది.

పరిశోధనకు ధనమిచ్చే ప్రభుత్వం విజయంలో భాగం పంచుకొన్నట్లే, విపత్తులో బాధ్యతను కూడ పంచుకొనవలెను. విచారించవలెను, కాని తొందరపడి ఒకని తలపై నేరం మోపి చేతులు కడుగుకొనరాదు. హాఫ్కిన్ కు ఐదేళ్ళకైనను న్యాయం దొరికినది. ముల్కోవాల్ లో సూదికి నమ్మకంతో చేయి చాచిన ఆ పంతొమ్మిది మంది మాత్రం కథ చెప్పేవారి నోట నేటికీ ఒక అంకెగానే మిగిలినారు. తరగతి గదిలో హాఫ్కిన్ కీర్తిని చెప్పునప్పుడు వారిని కూడ ఒక్క క్షణం తలచుకొనుట ధర్మం. వారి ప్రాణాల విలువ తెలిసినప్పుడే, ప్రయోగానికి ముందు ప్రశ్నించడం, ప్రయోగం తరువాత నిజం నిలకడగా తేల్చడం ఎందుకు అవసరమో విద్యార్థికి బోధపడుతుంది.