సైగలలో మాట విన్న గురువు

ఆదివారం పూజకు ఇంటిల్లిపాదీ బయలుదేరుతూ, చెవులు వినబడని బిడ్డను మాత్రం నాయనమ్మకు అప్పగించి వచ్చే కుటుంబాలు మన విచారణలలో లేకపోలేదు. వాడికేం అర్థమవుతుందిలే అనుకోవడం మనకు అలవాటైపోయింది. ఆ మాటను ఒప్పుకోని ఒక గురువు జీవితాన్ని ఈ వారం మీ ముందుంచుతున్నాను.

షార్ల్ మిషెల్ ద లెపే 1712లో ఫ్రాన్సులోని వెర్సాయిలో జన్మించారు. వేదాంత వివాదాల వలన గురుపట్టం ఆలస్యం కాగా, ఈలోగా న్యాయశాస్త్రం చదివారు. 1760 ప్రాంతంలో పారిస్‌లో ఒక ఇంటికి వెళ్ళినప్పుడు, కుట్టుపని చేసుకుంటున్న ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఆయన పలకరింపుకు బదులివ్వలేదట. తల్లి వచ్చి, వారికి చెవులు వినబడవని కన్నీళ్ళతో చెప్పింది. బొమ్మలు చూపి వారికి సత్యోపదేశం నేర్పుతున్న గురువు అప్పటికే మరణించారు. ఇక వీరు దేవుణ్ణి ఎరుగకుండానే బ్రతకాలా అన్న ప్రశ్న లెపేగారిని వదలలేదు.

ఆ కాలంలో కొందరు ఉపాధ్యాయులు ధనవంతుల బిడ్డలకు మాట పలకడం నేర్పేవారు గాని, తమ పద్ధతిని రహస్యంగా దాచుకునేవారు. లెపేగారు ముందు తామే శిష్యులై, ఆ పిల్లల సైగలు నేర్చుకున్నారు. తర్వాత ఆ సైగలతోనే చదువు చెప్పారు. ఫ్రెంచి వ్యాకరణం కోసం ఆయన కల్పించిన అదనపు సైగలు పిల్లలకు బరువయ్యాయన్నది నిజమే. అయినా సొంత రాబడితో, పేదలకు ఉచితంగా బడి నడిపారు. తమ పద్ధతిని 1776లో పుస్తకంగా వెల్లడించారు. 1777లో ఆ బడిని చూసిన రెండవ జోసెఫ్ చక్రవర్తి ఒక గురువును పంపి, ఆ విద్య నేర్పించి, వియన్నాలో బడి పెట్టించారు.

1788 చలికాలంలో, పిల్లల ఖర్చుకు డబ్బు మిగలాలని ఆ వృద్ధుడు తన గదిలో నిప్పు కూడా వేసుకోలేదట. పిల్లలే ఏడ్చి బ్రతిమాలి ఒప్పించారట. 1789 డిసెంబరు 23న ఆయన కన్నుమూశారు. 1791లో ప్రభుత్వమే ఆ బడి భారాన్ని స్వీకరించింది.

ప్రత్యేక ఉపాధ్యాయుని బాధ్యత ఏమిటో ఈ జీవితమే చెబుతుంది: బిడ్డ భాషను ముందు తాను నేర్చుకోవాలి, తనకు తెలిసినది దాచకుండా పంచాలి. అయితే బాధ్యత ఆయన ఒక్కడిదేనా? 2016 నాటి చట్టం ఇటువంటి బిడ్డలకు 18 ఏళ్ళ వరకు ఉచిత విద్యను హక్కు చేసింది. మండలాలలో భవిత కేంద్రాలున్నాయి. జంగారెడ్డిగూడెంలో ఉన్నా, కొల్లేటి లంకలో ఉన్నా, తల్లిదండ్రులు బిడ్డను గడప దాటించకపోతే ఆ హక్కు కాగితం మీదే ఉండిపోతుంది.

వచ్చే ఆదివారం ఆ బిడ్డను గుడికి తీసుకురండి. ముందు వరుసలో కూర్చోబెట్టండి. వాడి సైగలు నాలుగు మీరూ నేర్చుకోండి, నాకూ నేర్పండి.