జీతం తీసుకోని డిఫెండర్ - నిల్స్ మిడెల్బో

వార్షికోత్సవ సంచిక అనగానే మనం మహనీయుల జీవిత చరిత్రలు రాసుకోవడం ఆనవాయితీ. ఈసారి నేను మీకు పరిచయం చేస్తున్న వ్యక్తి పేరు మన పాఠ్యపుస్తకాల్లో లేదు. గ్రూప్స్‌కు చదివే అన్నలు తిరగేసే జి.కె. పుస్తకాల్లో కూడా కనిపించదు. ఆయన ఒక ఫుట్‌బాల్ ఆటగాడు. డెన్మార్క్ దేశస్థుడు. సొంత దేశం వదిలి లండన్‌లో తొమ్మిదేళ్ళు పెద్ద క్లబ్బుకు ఆడి, ఒక్క పైసా జీతం తీసుకోనివారు. ఈ చివరి మాట చదివి వెంటనే చప్పట్లు కొట్టకండి. అసలు కథ అక్కడే ఉంది.

నిల్స్ మిడెల్బో 1887 అక్టోబరు 5న స్వీడన్ దక్షిణ ప్రాంతంలోని బ్రోసార్ప్ అనే చోట జన్మించారు. పెరిగింది, ఆడింది మాత్రం డెన్మార్క్‌లో. ఆయన సోదరులు క్రిస్టియన్, ఐనార్ కూడా మంచి ఆటగాళ్ళే. నిల్స్ మంచి పొడగరి, పరుగు పందాల్లోనూ దూకుడులోనూ కూడా పేరున్నవారు. కోపెన్‌హేగెన్ నగరంలో కె.బి. అని పిలిచే పాత క్లబ్బు ఒకటి ఉండేది. అది 1876లో పుట్టింది. బ్రిటన్‌ను పక్కన పెడితే యూరప్ ఖండంలో అంతకంటే పాత ఫుట్‌బాల్ క్లబ్బు లేదంటారు. మిడెల్బో ఆ క్లబ్బు బిడ్డ.

1908లో లండన్‌లో ఒలింపిక్స్ జరిగాయి. డెన్మార్క్ జాతీయ జట్టు తన మొట్టమొదటి అధికారిక మ్యాచ్‌ను అక్కడే, వైట్ సిటీ స్టేడియంలో అక్టోబరు 19న ఆడింది. ఎదుటి జట్టు ఫ్రాన్స్ రెండో జట్టు. డెన్మార్క్ 9-0తో గెలిచింది. ఆ తొమ్మిదింటిలో మొదటి గోల్ కొట్టింది మిడెల్బో. అంటే ఒక దేశం ఫుట్‌బాల్ చరిత్రలో మొట్టమొదటి గోల్ ఆయన పేరు మీదే ఉంది. మూడు రోజుల తర్వాత ఫ్రాన్స్ అసలు జట్టును 17-1తో ఓడించారు. అందులో పది గోల్స్ సోఫస్ నీల్సెన్ అనే ఒక్క ఆటగాడే కొట్టారు! ఫైనల్లో మాత్రం బ్రిటన్ చేతిలో 0-2తో ఓడి రజతంతో సరిపెట్టుకున్నారు.

సైన్సు విద్యార్థుల కోసం ఒక ముచ్చట. ఆ జట్టులో హాఫ్ బ్యాక్‌గా ఆడిన ఒకరి పేరు హెరాల్డ్ బోర్. పరమాణు నిర్మాణం పాఠంలో మనం బట్టీ పట్టే నీల్స్ బోర్‌కు స్వయానా తమ్ముడు. ఆయన తర్వాత పెద్ద గణిత శాస్త్రవేత్త అయ్యారు. అన్న కూడా క్లబ్బు స్థాయిలో గోల్ కీపర్‌గా ఆడినవారే. చదువుకునేవాడికి ఆటలెందుకని అడిగేవారికి ఈ అన్నదమ్ముల సంగతి చెప్పవచ్చు.

1912 స్టాక్‌హోమ్ ఒలింపిక్స్ నాటికి మిడెల్బో జట్టు వెనుక భాగానికి వచ్చి డిఫెండర్‌గా ఆడారు. మళ్ళీ ఫైనల్, మళ్ళీ బ్రిటనే. మ్యాచ్ మధ్యలో బుక్వాల్ట్ అనే డెన్మార్క్ ఆటగాడు గాయపడి బయటికి వెళ్ళవలసి వచ్చింది. ఆ రోజుల్లో సబ్‌స్టిట్యూట్ అనే మాటే లేదు. ఒక మనిషి పోతే మిగిలిన పది మందే ఆడాలి. 2-4తో ఓడిపోయారు. రెండో రజతం. రెండుసార్లూ ఎదుటి జట్టుకు కెప్టెన్ వివియన్ వుడ్‌వర్డ్. ఈ పేరు గుర్తు పెట్టుకోండి.

1913లో మిడెల్బో బ్యాంకు ఉద్యోగం మీద లండన్ చేరారు. అక్కడ చెల్సీ క్లబ్బు ఆయన్ని తీసుకుంది. చెల్సీ అప్పటికి ఎనిమిదేళ్ళ పసి క్లబ్బు, 1905లో పుట్టింది. ఆ క్లబ్బుకు బయటి దేశం నుంచి వచ్చి ఆడిన మొదటి ఆటగాడు మిడెల్బోనే. 1913 నవంబరు 15న డెర్బీ కౌంటీ జట్టు మీద మొదటి మ్యాచ్. కొత్తగా వచ్చిన పరదేశికి ఆ రోజే కెప్టెన్సీ అప్పగించారు. చెల్సీలో సహ ఆటగాడు ఎవరనుకున్నారు? రెండు ఒలింపిక్ ఫైనల్స్‌లో తనను ఓడించిన వుడ్‌వర్డే. వాళ్ళిద్దరూ ఇప్పుడు ఒకే రంగు చొక్కా వేసుకున్నారు.

ఆనాటి ఆట తీరు కొంచెం చెప్పాలి. వెనుక ఇద్దరు బ్యాక్‌లు, వారి ముందు ముగ్గురు హాఫ్ బ్యాక్‌లు, ఆ ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు. ఇప్పుడు టీవీలో చూసే నలుగురు డిఫెండర్ల వరుస అప్పుడు లేదు. హాఫ్ బ్యాక్ అంటే వెనక్కి వచ్చి ఎదుటివాడిని ఆపాలి, బంతి దొరకగానే ముందుకు అందించాలి. నాగలికీ బండికీ ఒకే ఎద్దును కట్టినట్టు. మిడెల్బో ఎక్కువగా ఆడింది ఎడమ వైపు హాఫ్ బ్యాక్‌గా. అక్కడివాళ్ళు ఆయనకు 'గ్రేట్ డేన్' అని ముద్దుపేరు పెట్టారు. డేన్ అంటే డెన్మార్క్ మనిషి. గ్రేట్ డేన్ అన్నది బాగా ఎత్తుగా పెరిగే ఒక కుక్క జాతి పేరు కూడా. ఇంగ్లీషువాళ్ళ పొగడ్తలో ఎప్పుడూ ఒక చిన్న గిల్లుడు ఉంటుంది.

ఇక డబ్బు సంగతి. అప్పటికే ఇంగ్లండ్‌లో ఫుట్‌బాల్ జీతం మీద బతికేవారి ఆట. బొగ్గు గనుల నుంచి, బట్టల మిల్లుల నుంచి వచ్చిన కుర్రాళ్ళు ఆడేవారు. వారికి కూడా వారానికి 4 పౌండ్లకు మించి ఇవ్వరాదని 1901లో ఒక నిబంధన పెట్టారు. తర్వాత ఆ అంకె కొంచెం కొంచెం పెరిగినా, ఆ పరిమితి పూర్తిగా పోయింది 1961లోనే. జీతం తీసుకునేవారిని ప్రొఫెషనల్ అనేవారు. ఊరికే ఆడేవారిని అమెచ్యూర్ అనేవారు. సమాజంలో గౌరవం అమెచ్యూర్‌కే ఎక్కువ. మిడెల్బో కడదాకా అమెచ్యూర్. దారి ఖర్చులు కూడా అడిగేవారు కాదని చెబుతారు. వుడ్‌వర్డ్ కూడా అలాంటివారే.

చెల్సీ తరఫున ఆయన ఆడిన అధికారిక మ్యాచ్‌లు మొత్తం 46. తొమ్మిదేళ్ళకు ఇవి తక్కువే. దీనికి ఒక కారణం మొదటి ప్రపంచ యుద్ధం. 1915 నుంచి 1919 దాకా లీగ్ పోటీలే ఆపేశారు. యుద్ధకాలంలో జరిగిన ప్రాంతీయ పోటీల్లో ఆయన ఆడినా అవి లెక్కలోకి రావు. రెండో కారణం బ్యాంకు. ఆయనకు అన్నం పెట్టేది బ్యాంకు కాబట్టి ఆట రెండో స్థానంలో ఉండేది. ఉద్యోగం వదిలిన రోజునే ఆయన ఎక్కువ మ్యాచ్‌లు ఆడగలరు. కానీ ఉద్యోగం వదిలితే జీతం తీసుకోక తప్పదు. జీతం తీసుకుంటే ఆ గౌరవమూ ఉండదు, సొంత దేశం జట్టులో చోటూ ఉండదు.

అవును, డెన్మార్క్‌లో రూలు అంత కఠినం. ఆట కోసం డబ్బు ముట్టుకున్నవాడు జాతీయ జట్టుకు పనికిరాడు. మిడెల్బో అమెచ్యూర్ కాబట్టి లండన్‌లో ఉంటూనే 1920 యాంట్‌వెర్ప్ ఒలింపిక్స్‌లో దేశానికి ఆడగలిగారు. ఆ పోటీలో డెన్మార్క్ స్పెయిన్ చేతిలో 0-1తో మొదటి మ్యాచ్‌లోనే ఇంటిముఖం పట్టింది.

ఆ మరుసటి ఏడాది, 1921లో, కోపెన్‌హేగెన్‌లోని బి-1903 అనే మరో క్లబ్బు ఆటగాడు కార్ల్ హాన్సెన్ స్కాట్లాండ్‌లోని రేంజర్స్‌కు వెళ్ళారు. జీతానికి వెళ్ళారు. ఆయన్ని అందరూ 'స్కోమాగర్' అని పిలిచేవారు. డేనిష్ భాషలో ఆ మాటకు చెప్పులు కుట్టేవాడు అని అర్థం. గ్లాస్గోలో ఆయన గోల్స్ కొడుతుంటే జనం నీరాజనం పట్టారు. ఆయన ఉన్న కాలంలో రేంజర్స్ స్కాటిష్ లీగ్‌ను గెలిచింది. సొంత దేశం మాత్రం ఆయన్ని మళ్ళీ జాతీయ జట్టులోకి రానివ్వలేదు. పొట్టి మనిషి, గొప్ప ఫార్వర్డ్. చేసిన తప్పు ఏమిటి? చేసిన పనికి కూలి తీసుకోవడం.

ఇద్దరూ ఒకే నగరం వారు. ఇద్దరూ సముద్రం దాటి ఆడినవారు. బ్యాంకు ఉద్యోగి చేతులు కడుక్కుని వచ్చి ఆడితే నిస్వార్థం అన్నారు. 'చెప్పులు కుట్టేవాడు' ఆడి జీతం తీసుకుంటే మలినం అన్నారు. మిడెల్బోను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఆయన ఎవరినీ అవమానించినవారు కాదు, నమ్మిన మాట మీద నిలబడినవారు. కానీ ఆ రూలును మాత్రం నేను గౌరవించలేను. ఊరికే ఆడటానికి ముందు ఇంట్లో పొయ్యి వెలగాలి. మన హాస్టల్లో నాతోపాటు ఉన్న ఒక కబడ్డీ ఆటగాడు యూనివర్సిటీ సెలక్షన్స్ రోజున ఫంక్షన్ హాల్లో క్యాటరింగ్ పనికి వెళ్ళాడు. ఆ రోజు కూలి డబ్బులతో ఇంటర్ చదువుతున్న చెల్లెలి పరీక్ష ఫీజు కట్టాడు. అతనికి ఆట మీద ప్రేమ తక్కువని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను.

1922 తర్వాత మిడెల్బో చెల్సీ వదిలి, అమెచ్యూర్లకే పేరుబడ్డ కొరింథియన్ జట్టు తరఫున ఆడారు. ఇంగ్లండ్‌లో పరదేశీ ఆటగాళ్ళకు 1931లో తలుపులు దాదాపు మూసేశారు. రెండేళ్ళు ఆ దేశంలో నివాసం ఉంటే తప్ప ఆడరాదన్నారు. ఇలా ఆయన నడిచిన దారిలో ఆయన వెనుక మరెవరూ పెద్దగా నడవలేకపోయారు. 1936లో ఆయన డెన్మార్క్ తిరిగి వచ్చి, తన పాత క్లబ్బు కె.బి.కి శిక్షకుడయ్యారు. 1940లో కె.బి. దేశ ఛాంపియన్ అయింది. అదే ఏడాది ఏప్రిల్ 9న హిట్లర్ సేనలు డెన్మార్క్‌ను ఆక్రమించుకున్నాయి. ఆటలోని మెళకువల మీద ఆయన పుస్తకాలు కూడా రాశారు.

డెన్మార్క్ రూలు మాత్రం తరాల తరబడి అలాగే నడిచింది. 1948 లండన్ ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన జట్టులోని మేటి ఆటగాళ్ళు పలువురు ఇటలీ క్లబ్బులకు వెళ్ళారు. జాన్ హాన్సెన్, కార్ల్ ఆగె ప్రెస్ట్ యువెంటస్‌కు, ఆక్సెల్ పిల్మార్క్ బొలోన్యాకు. వెళ్ళినవారంతా జాతీయ జట్టుకు దూరమయ్యారు. విదేశాల్లో జీతానికి ఆడేవారిని దేశం జట్టులోకి పిలవడం 1971లో మొదలైంది. స్వదేశంలో ఆటగాళ్ళకు జీతం ఇవ్వడానికి ఒప్పుకున్నది 1978లో. ఇంగ్లండ్ కూడా పరదేశీయుల మీద నిషేధాన్ని 1978లోనే ఎత్తేసింది. మిడెల్బో ఆ రెండింటినీ చూడలేదు. 1976లో, కె.బి. క్లబ్బుకు నూరేళ్ళు నిండిన ఏడాదే, 88 ఏళ్ళ వయసులో కన్నుమూశారు.

తర్వాత చాలామంది డేనిష్ ఆటగాళ్ళు చెల్సీకి వచ్చారు. 2012లో కుర్రాడిగా అక్కడ చేరిన డిఫెండర్ ఆండ్రియాస్ క్రిస్టెన్సెన్ 2021లో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడి గెలిచి, 2022లో బార్సిలోనాకు వెళ్ళారు. జీతానికే వెళ్ళారు. దేశం జట్టుకూ ఆడారు. ఎవరూ తప్పు పట్టలేదు.

విదేశాల్లో జీతానికి ఆడేవారు ఎందరో ఉన్న జట్టుతో డెన్మార్క్ 1992లో యూరప్ ఛాంపియన్ అయింది. అదే 1992లో కోపెన్‌హేగెన్‌లో రెండు పాత క్లబ్బులు కలిసి ఎఫ్.సి. కోపెన్‌హేగెన్ అనే కొత్త క్లబ్బుగా ఏర్పడ్డాయి. ఆ రెండింటిలో ఒకటి మిడెల్బో ఆడిన కె.బి., రెండోది స్కోమాగర్ హాన్సెన్ ఆడిన బి-1903.