విక్రాంత్ ఇక్కడే ఉందని నమ్మించారు.. ఘాజీకి వల వేసిన అడ్మిరల్ కృష్ణన్

1971 డిసెంబర్ 3, అర్ధరాత్రి దాటింది. విశాఖ హార్బర్ బయట భారీ పేలుడు. వన్ టౌన్ తీరం ఉలిక్కిపడింది. పాక్ సబ్‌మెరైన్ ఘాజీ 90 మందికి పైగా సిబ్బందితో మునిగిపోయింది.

అప్పుడు తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ నీలకంఠ కృష్ణన్. 1919లో నాగర్‌కోయిల్‌లో పుట్టారు. 1941లో పర్షియన్ గల్ఫ్‌లో చూపిన తెగువకు చిన్న వయసులోనే డీఎస్‌సీ పతకం అందుకున్నారు.

తూర్పు పాకిస్తాన్ అంతర్యుద్ధం భారత్-పాక్ యుద్ధంగా మారేసరికి ఘాజీ టార్గెట్ ఒక్కటే.. విక్రాంత్. దాని బాయిలర్‌లో పగులు, స్పీడ్ తక్కువ. అందుకే అండమాన్ వైపు దాచేశారు. విశాఖలో మాత్రం కాంట్రాక్టర్లకు మాంసం, కూరగాయల ఆర్డర్లు భారీగా వెళ్లాయి. ఊళ్లో గూఢచారులుంటే కబురు వాళ్లే మోస్తారు కదా! రిటైర్మెంట్‌కు దగ్గరపడ్డ రాజ్‌పుత్ నౌక విక్రాంత్‌లా నటిస్తూ వైర్‌లెస్ మోత మోగించింది. తల్లి ఆరోగ్యం ఎలా ఉందంటూ ఓ నావికుడి పేరుతో మామూలు సందేశం కూడా పంపారు.

ఘాజీ పేలింది రాజ్‌పుత్ డెప్త్ ఛార్జ్‌ల వల్లేనని భారత్, సొంత మైన్ల వల్లని పాక్.. ఈ వాదన ఇంకా తేలలేదు. వల మాత్రం కృష్ణన్‌దే.

డిసెంబర్ 16న ఢాకాలో పాక్ లొంగిపోయినప్పుడు ఆయన అక్కడే ఉన్నారు. తర్వాత కొచ్చిన్ షిప్‌యార్డ్‌ను నడిపించారు. 1982లో కన్నుమూశారు. ఘాజీ శిథిలాలు ఇప్పటికీ విశాఖ సముద్రం అడుగునే ఉన్నాయి.