దాదాపు 25 ఏళ్లు అమెరికాలో పరిశోధన.. అయినా యల్లాప్రగడ సుబ్బారావు అక్కడి పౌరుడు ఎందుకు కాలేదు?

మీ ఇంట్లో ఎవరైనా కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడుతున్నారా? గర్భిణికి డాక్టర్ ఫోలిక్ యాసిడ్ రాశారా? మీ ఊళ్లో బోదకాలు మాత్రలు పంచారా? ఈ మూడు మందుల వెనకా యల్లాప్రగడ సుబ్బారావు నడిపిన పరిశోధన ఉంది. బయోమెడికల్ రీసెర్చ్‌తో అమెరికాలో స్థిరపడాలనుకునే వారు ఆయన జీవితాన్ని ఇంకో కోణంలోనూ చూడాలి.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇద్దరు అన్నదమ్ములు స్ప్రూ అనే పేగుల జబ్బుతో కొద్దికాలం తేడాలో పోయారు. మద్రాస్ మెడికల్ కాలేజీలో ఖద్దరు కట్టి ప్రొఫెసర్ ఆగ్రహానికి గురయ్యారు. ఎంబీబీఎస్ రాలేదు, అంతకంటే తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ పట్టా చేతికొచ్చింది. 1920ల మొదట్లో మామగారి సాయంతో, భార్య శేషగిరిని ఇక్కడే వదిలి, హార్వర్డ్‌లో ఉష్ణమండల వ్యాధుల వైద్యం చదవడానికి బోస్టన్ వెళ్లారు.

అప్పటి చట్టం ఏమిటో తెలిస్తే మిగతా కథ అర్థమవుతుంది. 1917 నాటి అమెరికా వలస చట్టం భారత్ సహా ఆసియాలో చాలా భాగం నుంచి వలసలను నిషేధించింది. విద్యార్థులకు మాత్రం మినహాయింపు ఉండేది. సుబ్బారావు వెళ్లింది ఆ సందులోంచే. ఆపైన 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని తేల్చేసింది.

అంటే ఏం కనిపెట్టినా దారి మూసే ఉంది. ఆయన కనిపెట్టినవి చిన్నవీ కావు. పొట్టపోసుకోవడానికి ఆసుపత్రిలో రాత్రిపూట సేవక పని చేస్తూనే సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి తయారుచేశారు. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో కణానికి శక్తినిచ్చే ఏటీపీ బయటపడ్డాయి. 1930లో పీహెచ్‌డీ వచ్చింది. హార్వర్డ్‌లో శాశ్వత ఉద్యోగం మాత్రం రాలేదు. 1940లో లెడర్లీ ల్యాబ్స్‌కు మారారు. ఫోలిక్ యాసిడ్ తయారీ, బ్లడ్ క్యాన్సర్ పిల్లలపై సిడ్నీ ఫార్బర్ వాడిన అమైనోప్టెరిన్, బోదకాలు మందు హెట్రజాన్ అన్నీ అక్కడివే.

1946లో చట్టం మారింది. భారతీయులకు పౌరసత్వ హక్కు, ఏడాదికి 100 మందికి వలస కోటా ఇచ్చారు. అప్పటికి సుబ్బారావుకు 51 ఏళ్లు. రెండేళ్లకే, 1948 ఆగస్టులో, పౌరుడు కాకుండానే చనిపోయారు. శేషగిరిని మళ్లీ చూడలేదు.

ఇవాళ ఆయన అప్లై చేస్తే? ఈబీ-1ఏ కింద యజమాని లేకుండా తనే ఐ-140 పిటిషన్ వేసుకోవచ్చు. పెద్ద అవార్డు లేకపోతే పది ప్రమాణాల్లో కనీసం మూడింటికి ఆధారాలు చూపాలి. పేపర్లు, మౌలిక ఆవిష్కరణలు, ఇతరుల పరిశోధనను సమీక్షించడం వాటిలో కొన్ని. ఈబీ-1బీకి మూడేళ్ల అనుభవంతో పాటు పరిశోధన ఉద్యోగం ఇచ్చే సంస్థ కావాలి. మూడోది ఈబీ-2లో నేషనల్ ఇంటరెస్ట్ వేవర్. దీన్నీ సొంతంగా వేసుకోవచ్చు. మీ పని అమెరికాకు ఎందుకు ముఖ్యమో, దాన్ని ముందుకు తీసుకెళ్లే సత్తా మీకు ఎలా ఉందో ఒప్పించాలి. ఏ దారిలో వెళ్లినా గొప్పదనాన్ని ఎవరికి వారే కాగితాల్లో చూపించుకోవాలి. పేరు కోసం పాకులాడని సుబ్బారావుకు బహుశా అదే కష్టమయ్యేది.

అర్హత తేలినా క్యూ ఉంటుంది. ఉద్యోగ ఆధారిత గ్రీన్ కార్డులు ఏడాదికి సుమారు 1,40,000. ఒక్కో దేశంలో పుట్టినవారికి సాధారణంగా 7 శాతం మించి ఇవ్వరు. ఇక్కడ చూసేది పాస్‌పోర్టు కాదు, పుట్టిన దేశం. అందుకే ఐ-140 త్వరగా వేయడం మంచిది. అది ఆమోదం పొందితే, ఉద్యోగం మారి కొత్త పిటిషన్ వేసినా సాధారణంగా పాత ప్రయారిటీ తేదీయే వర్తిస్తుంది. జే-1 వీసాపై వెళ్లేవారు రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతు తమకు ఉందో లేదో ముందే చూసుకోవాలి. జీవిత భాగస్వామి వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశం కోటా వాడుకునే వీలుంది. శేషగిరి గారిదీ మన గోదావరి వైపే కాబట్టి సుబ్బారావుకు ఈ వెసులుబాటు కూడా అక్కరకొచ్చేది కాదు.