ఫ్రెడరిక్ డగ్లస్

అమెరికా సంయుక్త రాష్ట్రములలో అట్లాంటిక్ సముద్రతీరమున మేరీలాండ్ అను రాష్ట్రము కలదు. అచట చెసపీక్ అను విశాలమైన అఖాతము భూమిలోనికి చాలదూరము చొచ్చుకొని వచ్చినది. ఆ అఖాతమునకు తూర్పుదరి నున్న టాల్బట్ మండలములో 1818వ సంవత్సరము ఫిబ్రవరి నెలలో ఒక బానిస స్త్రీకి మగశిశువు కలిగెను. ఆ శిశువునకు ఫ్రెడరిక్ అగస్టస్ వాషింగ్టన్ బెయిలీ అని పేరు పెట్టిరి. పేరు రాజకుమారుని పేరువలె దీర్ఘముగనే యున్నది గాని, ఆ పేరు గలవానికి తన పుట్టినదినమేదో జీవితాంతము తెలియలేదు. పుట్టిన నెల యజమానుని లెక్కల పుస్తకములో మాత్రము వ్రాసియుండెను. తండ్రి యెవరో తెల్లవాడని జనులు చెప్పుకొనిరి. అంతకుమించి అతనికేమియు తెలియదు.

తల్లి హారియట్ పండ్రెండు మైళ్ల దూరమున మఱియొక పొలములో చాకిరి చేయుచుండెను. పగలంతయు పనిచేసి, చీకటిపడిన పిమ్మట కాలినడకన వచ్చి, బిడ్డను ప్రక్కలో పరుండబెట్టుకొని నిద్రపుచ్చి, తెల్లవారకమునుపే ఆమె తిరిగి పొలము చేరవలసియుండెను. సూర్యోదయమునకు పొలమున కనబడని బానిసకు కొరడాదెబ్బలు తప్పవు. అట్టి రాత్రులు నాలుగైదు మాత్రమే అతని జ్ఞాపకమున మిగిలెను. పగటివెలుగులో తల్లిముఖమును చూచిన గుర్తు అతనికి లేదు. అతని చిన్నతనముననే ఆమె మరణించెను.

1826వ సంవత్సరమున ఫ్రెడరిక్‌ను బాల్టిమోర్ నగరమునకు పంపిరి. అచట యజమానుని బంధువైన హ్యూ ఆల్డ్ అనువాని యింట చిన్నబిడ్డను ఆడించుట అతని పని. హ్యూ భార్య సోఫియా అంతకుముందెన్నడును బానిసలను ఏలినది కాదు. ఆమె ఈ బాలునికి అక్షరములు నేర్పనారంభించెను. ఆ సంగతి తెలిసి భర్త మండిపడెను. చదువు వచ్చినవాడు బానిసత్వమునకు పనికిరాడని అతడు భార్యను హెచ్చరించి, పాఠములు మాన్పించెను. ఆ మాటలు ప్రక్కనున్న బాలుని చెవినిబడెను. తనకు దేనిని నేర్పగూడదని యజమానుడు భయపడుచున్నాడో దానినే నేర్చుకొనవలెనని అతడు ఆ దినముననే నిశ్చయించుకొనెను.

అతని బడి యేదో వినిన ఆశ్చర్యము కలుగును. బాల్టిమోర్ ఓడల కర్మాగారములలో వడ్రంగులు ఒక్కొక్క దూలమును చెక్కి, అది ఓడలో ఏ భాగమునకు చెందునో తెలియుటకై దానిపై అక్షరములు వ్రాయుదురు. ఎడమప్రక్క దూలమునకు ఎల్ అనియు, కుడిప్రక్క దానికి ఎస్ అనియు, ముందు భాగమునకు ఎఫ్ అనియు వ్రాయుట వాడుక. ఫ్రెడరిక్ ఆ దూలములను చూచి ఆ అక్షరములను వ్రాయుట నేర్చుకొనెను. పిమ్మట వీథిలో తెల్లపిల్లలతో పందెము వేసి, తన కంటె ఎక్కువ అక్షరములు వ్రాయగలరా యని వారిని రెచ్చగొట్టి, వారు వ్రాసి చూపినవాటిని తాను గ్రహించెను. అతనికి పలక లేదు, బలపము లేదు. గోడలును, కంచెలును, కాలిబాటలును అతని పలకలు. సుద్దముక్క అతని కలము.

యౌవనము వచ్చునప్పటికి అతనిని తిరిగి పల్లెకు తీసికొనిపోయిరి. అచట బానిసలను కొట్టి లొంగదీయుటలో పేరుపడిన కోవీ అనువానికి 1834వ సంవత్సరమంతయు అతనిని అద్దెకిచ్చిరి. ఆఱు మాసములు దెబ్బలు తినిన పిమ్మట ఒకనాడు ఫ్రెడరిక్ ఎదురు తిరిగి, చాలసేపు అతనితో పెనుగులాడెను. ఆ తరువాత కోవీ అతనిపై చేయి వేయలేదు. 1836లో అతడు కొందఱు మిత్రులతో గూడి పాఱిపోవ నుద్యమించి పట్టుబడెను. యజమానుడు అతనిని దక్షిణదేశమునకు అమ్మివేయక, ఏదేని వృత్తి నేర్చుకొనుటకై మరల బాల్టిమోర్‌లోని హ్యూ ఆల్డ్ కడకే పంపెను.

బాల్టిమోర్ రేవున ఫెల్స్ పాయింట్ అను ప్రాంతము ఓడల నిర్మాణమునకు ప్రసిద్ధి కెక్కినది. అచట విలియం గార్డ్‌నర్ అను నతని కర్మాగారములో రెండు పెద్ద యుద్ధనౌకలు తయారగుచుండెను. అవి మెక్సికో ప్రభుత్వము కొఱకని చెప్పిరి. జులై నెలలో అవి నీటిలోనికి దిగవలెను; లేనిచో గార్డ్‌నర్ పెద్దమొత్తము నష్టపోవును. కావున అచట పని నేర్పువాడు లేడు, నేర్చుకొనుటకు తీరిక లేదు. సుమారు డెబ్బదియైదుగురు వడ్రంగులుండిరి. వారందఱు చెప్పినట్లు వినుమని ఫ్రెడరిక్‌కు ఆజ్ఞ. ఒకడు నీరు తెమ్మనును, ఒకడు దూలము నెత్తుమనును, ఒకడు పనిముట్టును సానబట్టుమనును. ఒకేసారి ముగ్గురు నలుగురు పిలుతురు. ఒకని పిలుపునకు పోయినచో తక్కినవారు తిట్టుదురు.

అంతవఱకు ఆ కర్మాగారములో తెల్లవడ్రంగులును, స్వతంత్రులైన నల్లవడ్రంగులును ప్రక్కప్రక్కన పనిచేయుచుండిరి. అందుచేత ఎవరికిని హాని కలుగలేదు. హఠాత్తుగా ఒకనాడు తెల్లవారు పనిముట్లు క్రిందపెట్టి, నల్లవారితో కలిసి పనిచేయమని కూర్చుండిరి. నల్లవారిని ఇట్లే వదలిపెట్టినచో కొంతకాలమునకు వృత్తి యంతయు వారి చేతులలోనికి పోవునని వారి భయము. ఓడలను నీట దింపవలసిన గడువు దగ్గరపడుచున్న సమయమును చూచి వారీ పట్టు పట్టిరి. గార్డ్‌నర్ లొంగిపోయెను. నల్లవారు పని పోగొట్టుకొనిరి. ఫ్రెడరిక్ స్వతంత్రుడు గాడు గావున ఈ నిర్ణయము నేరుగా అతనికి వర్తింపదు. అయినను ఆ విషము క్రిందికి దిగెను. పని నేర్చుకొను తెల్లకుఱ్ఱలు ఇతని ప్రక్కన నిలుచుటయే అవమానమని భావింపసాగిరి. ఒంటరిగా వచ్చినవానిని ఫ్రెడరిక్ సులభముగనే ఎదుర్కొనుచుండెను. కోవీతో పెనుగులాడిననాటి నుండి, కొట్టినవానిని తిరిగి కొట్టవలెనని అతడు నియమము పెట్టుకొనియుండెను.

కడకు ఒకనాడు నలుగురు కూడి వచ్చిరి. ఒకడు ఇటుకముక్క పట్టుకొని ఎదుట నిలిచెను. ఇరుప్రక్కల ఇద్దఱు, వెనుక నొకడు. ఎదుటివానిని, ప్రక్కలవారిని ఇతడు కనిపెట్టుచుండగా, వెనుకనున్నవాడు బరువులెత్తు మీటకొయ్యతో తలపై కొట్టెను. ఫ్రెడరిక్ నేలగూలెను. నలుగురును మీదబడి పిడికిళ్లతో గ్రుద్దిరి. అతడు చేతులు, మోకాళ్లు ఆనించి లేవబోవుచుండగా, ఒకడు బరువైన బూటుకాలితో ఎడమకంటిపై తన్నెను. కనుగ్రుడ్డు పగిలిపోయినట్లే తోచెను. కన్ను మూసికొనిపోయి వాచుట చూచి వారు వదలిరి. ఆ సమయమున ఏబదిమందికి తక్కువగాని తెల్లవడ్రంగులు చుట్టును నిలిచి చూచుచుండిరి. వారిలో ఒక్కడును అడ్డుపడలేదు. చంపుడని ప్రోత్సహించినవారును కలరు. నిన్నటివఱకు అతనిచేత నీళ్లు తెప్పించుకొని త్రాగినవారే వారు. తెల్లవానిపై చేయెత్తిన నల్లవానికి ఆ దినములలో మరణమే శిక్ష యగును గావున, అతడు తప్పించుకొని ఇంటిదారి పట్టెను.

ఇంట సోఫియా ఆ ముఖమును చూచి కన్నీరు పెట్టెను. నెత్తురు కడిగి, కంటిపై పచ్చిమాంసపు ముక్క నుంచి కట్టుకట్టెను. హ్యూ ఆల్డ్‌కు పట్టరాని కోపము వచ్చెను. ఆ కోపములో జాలి యెంతయో, తన సొత్తునకు కలిగిన నష్టమును గూర్చిన చింత యెంతయో చెప్పుట కష్టము. అతడు ఫ్రెడరిక్‌ను వెంటబెట్టుకొని న్యాయాధికారి కడకు పోయెను. అధికారి సాక్షి యెవరని యడిగెను. పట్టపగలు, కర్మాగారము నడుమ, ఏబదిమంది ఎదుట జరిగినదని ఆల్డ్ చెప్పెను. తెల్లవాడెవడైన వచ్చి ప్రమాణము చేసి చెప్పిననే గాని ఎవరిని పట్టుకొనజాలనని అధికారి బదులు చెప్పెను. తెల్లవానికి ఎదురుగా నల్లవాని సాక్ష్యము మేరీలాండ్ చట్టమున చెల్లదు. గాయపడినవాడు ఎదుటనే నిలిచియుండెను. వాచిన కన్ను కనబడుచునే యుండెను. అయినను చట్టము దృష్టిలో ఏమియు జరుగలేదు. వేయిమంది నల్లవారు చూచుచుండగా ఫ్రెడరిక్ హత్యకు గురియైనను ఇంతే యగును.

తనను కొట్టినవారిపై ఫ్రెడరిక్‌కు కోపమున్నను, తరువాతి కాలమున ఈ విషయమును గూర్చి అతడు లోతుగా ఆలోచించెను. బానిసకు కూలి లేదు. కూలి లేని మనిషి ప్రక్కన నిలిచి కూలి యడుగు తెల్లపనివానికి మాత్రము తగిన ధర యెట్లు పలుకును? బానిసల యజమానులు నల్లవానిని నేరుగా దోచుకొనిరి. తెల్లపేదను మఱియొక విధముగా దోచుకొనిరి. ఆ సంగతి తెల్లపేదకు తెలియకుండుటకై, నీ శత్రువు నల్లవాడే యని వానికి నూఱిపోసిరి. దెబ్బతిన్నవాడు తనను కొట్టినవాని కష్టమును కూడ లెక్కించుట అరుదైన సంగతి.

పిమ్మట హ్యూ ఆల్డ్ తాను మేస్త్రీగా నున్న వేఱొక కర్మాగారమునకు అతనిని తీసికొనిపోయెను. ఓడపలకల సందులలో నీరు చొరకుండ నారపీచు కూరి, కీలు పోసి మూయు పనిని ఫ్రెడరిక్ అచట నేర్చెను. ఒక యేడాదిలో ఆరితేరినవారితో సమానముగా దినమునకు డాలరున్నర సంపాదింపసాగెను. ఆ సొమ్ములో అతనికి మిగిలినదేమి? ప్రతి శనివారము రాత్రి చిల్లిగవ్వతో సహా హ్యూ ఆల్డ్ చేతిలో పోయవలెను. ఆఱు డాలర్లు తెచ్చినప్పుడు ఒక్కొక్కసారి ఆల్డ్ ఆఱు సెంట్లు తిరిగియిచ్చుచుండెను. అది తనను ప్రోత్సహించుటకని యజమానుడనుకొనెను. ఫ్రెడరిక్ మనస్సునకు మాత్రము అది మొత్తము సొమ్ము తనదే యని యజమానుడు ఒప్పుకొన్నట్లు తోచెను.

1838వ సంవత్సరము సెప్టెంబరు 3వ తేదీన అతడు నావికుని దుస్తులు ధరించి, ఒక నల్లనావికుని గుర్తింపు పత్రమును ఎరువుతెచ్చుకొని, రైలెక్కి పాఱిపోయెను. మఱునాటికే న్యూయార్కు చేరెను. బాల్టిమోర్‌లో అతడు ప్రేమించిన ఆనా ముఱ్ఱే అను స్వతంత్రురాలైన నల్లయువతి వచ్చి అతనిని కలిసికొనెను. వారిరువురు వివాహమాడి మసాచుసెట్స్ రాష్ట్రములోని న్యూ బెడ్‌ఫర్డ్ అను రేవుపట్టణమునకు పోయిరి. అచటనే అతడు పాతపేరు విడిచి డగ్లస్ అను పేరు గ్రహించెను.

న్యూ బెడ్‌ఫర్డ్ తిమింగిలముల వేటకు పోవు ఓడల పట్టణము. అచట బానిసత్వము లేదు. ఓడలకు కొదువ లేదు. అతని చేతిలో మంచి పనితనము కలదు. డగ్లస్ సంతోషముగా పనిముట్లు తీసికొని ఒక ఓడయొద్దకు పోయెను. ఈ నల్లవాడు ఓడపై ఒక్క దెబ్బ కొట్టినను తెల్లపనివారందఱును దిగిపోవుదురని అచటివారు చెప్పిరి. బాల్టిమోర్‌లో బానిసగా నున్నప్పుడు చేసిన పని, స్వతంత్ర దేశమున స్వతంత్రునిగా చేయుటకు వీలులేకపోయెను. ఆ వృత్తిలో దినమునకు రెండు డాలర్లు వచ్చును. మామూలు కూలికి ఒక డాలరే. డగ్లస్ ఆ ఒక డాలరు కూలికే ఒప్పుకొనెను. కట్టెలు కోసెను, బొగ్గు మోసెను, నేలమాళిగలు త్రవ్వెను, నూనె పీపాలు దొర్లించెను. ఇత్తడి పోతపోయు కొలిమిలో తిత్తులు ఊదుచు, ఎదుటి కొయ్యకు వార్తాపత్రికను మేకుతో కొట్టి, పని చేయుచునే చదివెను.

1841లో నాన్‌టకెట్ దీవిలో జరిగిన బానిసత్వ వ్యతిరేక సభలో అతడు లేచి మాటాడెను. ఆనాటినుండి అతని జీవితము లోకమునకు తెలిసినదే. 1845లో స్వీయచరిత్రను ప్రకటించెను. బ్రిటిష్ దీవులలో సంచరించెను. 1846లో అచటి మిత్రులు చందాలు వేసికొని 711 డాలర్లకు పైగా చెల్లించి అతని విముక్తిని కొనిరి. ఆ సొమ్మును పుచ్చుకొన్నవాడు హ్యూ ఆల్డే. అన్ని శనివారముల కూలి చాలక, అతడు తుదకు కూలివాని వెలను కూడ పుచ్చుకొనెను. 1847లో డగ్లస్ రాచెస్టర్ నగరమున నార్త్ స్టార్ అను పత్రికను స్థాపించెను. ఆ పత్రిక అచ్చుకూటములోనే తన కుమారులకు అచ్చుపని నేర్పెను. వృత్తి నేర్చినవానిని ఎవరును త్రోసివేయలేరని అతని ఆశ.

అంతర్యుద్ధమున అతడు నల్లవారిని సైన్యమున చేర్పించెను. కుమారులు లూయిస్, చార్లెస్ ఇద్దఱును చేరిరి. తెల్లసిపాయికి నెలకు పదుమూడు డాలర్లు. నల్లవానికి పది, అందు మూడు బట్టలక్రింద తగ్గింతురు. తుపాకి గుండ్లు మాత్రము ఇరువురికిని సమానమే. 1863లో డగ్లస్ స్వయముగా అధ్యక్షుడు లింకన్‌ను చూచి ఈ అన్యాయమును చెప్పుకొనెను. మఱుసటియేడు కాంగ్రెసు జీతములను సమానము చేసెను.

యుద్ధము ముగిసెను, బానిసత్వము పోయెను. ఓడరేవులో మాత్రము పాతకథయే మరల నడిచెను. 1865లో బాల్టిమోర్ తెల్లపనివారు సమ్మె కట్టి, నల్లవారిని తొలగింపుడని పట్టుబట్టిరి. ఈసారి నల్లవారు ఊరకుండలేదు. ఐజాక్ మయర్స్ అను నతని నాయకత్వమున వారు డబ్బు కూడబెట్టి స్వంత కర్మాగారమును నెలకొల్పిరి. 1869లో నల్లకార్మికుల జాతీయసంఘము ఏర్పడగా మయర్స్ దాని తొలి అధ్యక్షుడయ్యెను. పిమ్మట డగ్లస్ ఆ పదవి వహించెను.

ఆ యేటనే లూయిస్‌కు వాషింగ్టన్‌లోని ప్రభుత్వ ముద్రణాలయమున ఉద్యోగము దొరికెను. అక్షరములు కూర్చుటలో అతడు నేర్పరి. యుద్ధమున పోరాడి వచ్చినవాడు. అచటి ముద్రణకార్మిక సంఘము అతనిని సభ్యునిగా చేర్చుకొనుటకు నిరాకరించెను. అతడు పూర్వము ఏ సంఘములోను సభ్యుడు గాకుండ పనిచేసినాడని వారు తప్పుపట్టిరి. చేరనీయనివారే చేరలేదని నిందించుట యేమి న్యాయమని తండ్రి బహిరంగముగా ప్రశ్నించెను. న్యూ బెడ్‌ఫర్డ్ రేవునుండి తాను వెనుదిరిగి వచ్చి ముప్పది యేండ్లు గడిచినవి. అదే తలుపు ఇప్పుడు కుమారుని యెదుట మూసికొనెను.

డగ్లస్ తరువాత రాజధానిలో పెద్ద యుద్యోగములు చేసెను. హైతీ దేశమున అమెరికా ప్రతినిధిగా నుండెను. 1892లో, ముసలితనమున, అతడు మరల ఫెల్స్ పాయింట్‌కు వచ్చి, తాను యౌవనమున ప్రార్థన చేసిన పాతదేవాలయమున్న స్థలమును కొని, అచట వరుసగా ఐదు ఇటుక ఇండ్లు కట్టించెను. నల్లవారికి అద్దెకు మంచియిల్లు దొరకని కాలమది. ఆ ఇండ్లను వారికే అద్దెకిచ్చెను. 1895వ సంవత్సరము ఫిబ్రవరి 20వ తేదీన వాషింగ్టన్‌లోని స్వగృహమున డగ్లస్ మరణించెను. ఫెల్స్ పాయింట్‌లో ఆ ఐదు ఇండ్లును నేటికి నిలిచియున్నవి. అతనిని కొట్టి కన్ను వాపించిన రేవు అచటికి నడక దూరముననే కలదు.