ఎన్కోసి జాన్సన్

పిల్లలకు ఏమి కావాలో సాధారణంగా పెద్దలే ఆలోచిస్తారు, పెద్దలే నిర్ణయిస్తారు. కాని పిల్లల కష్టాన్ని పిల్లల నోటనే వినవలసిన సందర్భాలు కొన్ని ఉంటాయి. అటువంటి సందర్భంలో ధైర్యంగా నోరు విప్పిన బాలుడు ఎన్కోసి జాన్సన్. అతడు జీవించినది పన్నెండేళ్ళు మాత్రమే.

ఎన్కోసి 1989 ఫిబ్రవరి 4వ తేదీన దక్షిణాఫ్రికాలో, జోహాన్నెస్‌బర్గ్ నగరానికి తూర్పున ఉన్న ఒక నల్లజాతివారి వాడలో జన్మించాడు. తల్లి పేరు డాఫ్నీ. ఆమెకు ఎయిడ్స్ వ్యాధిని కలిగించే హెచ్.ఐ.వి. సోకి ఉండడం వల్ల, బిడ్డకు కూడ పుట్టుకతోనే అది సంక్రమించింది. సంగతి తెలిస్తే ఇరుగుపొరుగువారు తమను తరిమివేస్తారని ఆ తల్లి భయపడింది. ఇద్దరూ నగరంలోని ఒక సంరక్షణ కేంద్రాన్ని ఆశ్రయించారు.

ఆ కేంద్రంలో పనిచేస్తున్న గెయిల్ జాన్సన్ అనే తెల్లజాతి మహిళ ఎన్కోసిని చేరదీసింది. కొంతకాలానికి డబ్బు చాలక కేంద్రం మూతపడింది. డాఫ్నీ ఆరోగ్యం క్షీణించసాగింది. తల్లి అంగీకారంతో గెయిల్ ఆ పసివాణ్ణి తన ఇంటికి తీసికొనిపోయి, కన్నబిడ్డవలె పెంచింది. ఆ దేశంలో నల్లవారికి ఇంకా ఓటు హక్కు కూడ లేని రోజులవి.

1997వ సంవత్సరం ఎన్కోసికి పెద్ద పరీక్ష అయింది. ఆ యేడు కన్నతల్లి మరణించింది. ఆ యేడే అతణ్ణి బడిలో చేర్పించడానికి గెయిల్ దరఖాస్తు పూర్తిచేస్తూ, బిడ్డకున్న వ్యాధిని దాచక వ్రాసింది. బడివారు వెనుకాడారు. తల్లిదండ్రులను, ఉపాధ్యాయులను సమావేశపరచగా సగంమంది సరే అన్నారు, సగంమంది వద్దన్నారు. కలిసి కూర్చున్నా, కలిసి ఆడుకొన్నా హెచ్.ఐ.వి. అంటుకోదని చాలామందికి తెలియదు. ఈ విషయం పత్రికలకెక్కి, దేశమంతటా చర్చ జరిగింది. చివరకు బడి తలుపులు తెరచుకొన్నాయి. ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు వ్యాధిని గురించిన నిజాలు బోధించారు. హెచ్.ఐ.వి. ఉన్న కారణంగా ఏ విద్యార్థికీ ప్రవేశం నిరాకరించరాదని 1999లో ప్రభుత్వం జాతీయ విధానాన్ని ప్రకటించింది.

తనకు బడి దొరికిందని ఎన్కోసి తృప్తిపడి ఊరుకోలేదు. వ్యాధి కారణంగా తల్లికీ బిడ్డకూ ఎడబాటు కలగరాదని అతని కోరిక. ఆ బాధ అతడు స్వయంగా అనుభవించాడు. అందుకే 1999లో గెయిల్‌తో కలిసి, అటువంటి తల్లులూ బిడ్డలూ ఒకేచోట నివసించడానికి జోహాన్నెస్‌బర్గ్‌లో ఒక ఆశ్రయ గృహాన్ని స్థాపించాడు. దానికి ఎన్కోసి పేరే పెట్టారు.

2000 జూలైలో డర్బన్ నగరంలో అంతర్జాతీయ ఎయిడ్స్ మహాసభ జరిగింది. వేలమంది పెద్దల ముందు, పదకొండేళ్ళ ఎన్కోసి మైకు పట్టుకొని నిలబడ్డాడు. బక్కచిక్కిన శరీరం, వదులైన దుస్తులు. అయినా గొంతు తడబడలేదు. గర్భిణులకు మందులిచ్చి, వ్యాధి బిడ్డలకు సోకకుండ కాపాడమని ప్రభుత్వాన్ని అడిగాడు. తమను చూచి భయపడవద్దనీ, తామూ అందరివంటి మనుషులమేననీ విన్నవించాడు. వింటున్నవారిలో ఎందరికో కళ్ళు చెమర్చాయి.

కొద్ది నెలలకే వ్యాధి ముదిరి అతడు మంచం పట్టాడు. 2001 జూన్ 1వ తేదీన కన్నుమూశాడు. ఎన్నో దేశాలలో అది బాలల దినోత్సవం. మరుసటి సంవత్సరం, గర్భిణులకు ఆ మందును ప్రభుత్వ ఆసుపత్రులలో అందజేయాలని ఆ దేశ రాజ్యాంగ న్యాయస్థానం తీర్పు చెప్పింది. అందుకు పోరాడినవారు అనేకులు. వారు అడిగినదానినే ఎన్కోసి కూడ మహాసభలో అడిగాడు. తీర్పు వినడానికి మాత్రం అతడు లేడు.

2005లో అంతర్జాతీయ బాలల శాంతి బహుమతిని నెలకొల్పినప్పుడు, మొదటి బహుమతిని మరణానంతరం ఎన్కోసికే ప్రకటించారు. బాలల హక్కులకోసం పాటుపడే పిల్లలకు నాటినుండి ఆ బహుమతి లభిస్తున్నది. గెలిచినవారికి ఇచ్చే చిన్న ప్రతిమ పేరు కూడ ఎన్కోసియే. ఒకనాడు బడి గుమ్మం బయట నిలిచిన బాలుని పేరు, ఈనాడు దేశదేశాల పిల్లల చేతులలో నిలిచి ఉన్నది.