కదలని రథం

మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1886లో జన్మించి, 1911లో హైదరాబాదు సంస్థానానికి ఏడవ నిజాం అయినాడు. తండ్రి మహబూబ్ అలీఖాన్ ఇంగ్లండులో చేయ పురమాయించిన రోల్స్ రాయిస్ కారు, ఆయన మరణానంతరం కుమారునికి చేరింది. పసుపుపచ్చని దేహం, గుమ్మటం వంటి పైకప్పు, లోపల సింహాసనాన్ని పోలిన ఆసనం! అయినా ఆ కారు ఉత్సవాలకే పరిమితమై, కొన్ని వందల మైళ్లకు మించి తిరగలేదు.

1937లో టైమ్ పత్రిక ముఖచిత్రానికెక్కి, లోకంలోకెల్ల ధనికుడని పేరొందిన ఆ ప్రభువు సొంత ఖర్చులో మహా పొదుపరి. ఉస్మానియా విశ్వవిద్యాలయాన్ని 1918లో స్థాపించినది ఆయనే. సూర్యాపేట, మిర్యాలగూడ ప్రాంతాల రైతులు వెట్టిచాకిరిలో మ్రగ్గినదీ ఆయన ఏలుబడిలోనే. ఆ రైతులు తిరుగబడ్డారు. 1948 సెప్టెంబరులో బెజవాడ నుండి కదలిన భారతసేన కోదాడ, సూర్యాపేటల బాటనే వచ్చింది. నిజాం ప్రభుత్వం అంతరించింది. 1967లో ఆయన కన్నుమూశాడు.

ఇటలీ ఫెరారీ అయినా, ఇంగ్లండు రోల్స్ అయినా, పాతకారు కొనేవారు తిరిగిన మైళ్లు తక్కువని మురిసిపోరాదు. కదలని యంత్రంలో చమురు చెడుతుంది, రబ్బరు బీటలు వారుతుంది, ఇనుము తుప్పు పడుతుంది. క్రమంగా నడిపి, వేళకు మరమ్మతు చేసిన బండే మేలు. మూలనున్న ఐశ్వర్యం బండికీ బలం కాదు, ప్రభువుకూ బలం కాదు.